వియ్యంకుల అద్దం

అనగనగా అన్నాను. ఊఁ అనండి. ఊఁ కొట్టేవాళ్ళు లేకపోతే కథ అలిగి అటకెక్కుతుంది. దాన్ని బతిమాలి దించే ఓపిక నాకు లేదు.

అనగనగా మెరుగుపురం అని ఒక రాజ్యం. పేరుకు తగ్గట్టే ఆ ఊళ్ళో కంచూ ఇత్తడీ మెరవని చోటు లేదు. చెంబు మెరిసేది, తప్పేలా మెరిసేది, ఆవు మెడలో గంట మెరిసేది. ఆ ఊరి రాజు సుముఖవర్మ. మంచివాడే. కాకపోతే దేవుడు ధైర్యం వడ్డించేటప్పుడు ఆయన విస్తరి దగ్గరికి వచ్చేసరికి గిన్నె అడుగంటింది.

ఆ ఊరి కంచరివీధిలో ఇద్దరు పేరుమోసిన పనివాళ్ళు ఉండేవారు. ఒకరు నాగలింగాచారి, రెండోవారు భద్రాచారి. నాగలింగాచారి గిన్నెలు చేసేవాడు. భద్రాచారి వాటికి మూతలు చేసేవాడు. ఆయన గిన్నె మీద ఈయన మూత పెడితే లోపలి ఆవిరికి బయటి దారి తెలిసేది కాదు.

గిన్నే మూతా ఇంత బాగా కుదిరాయి కదా, పిల్లలకు మాత్రం ఎందుకు కుదరదు అనుకున్నారు. భద్రాచారి కూతురు మాణిక్యాన్ని నాగలింగాచారి కొడుక్కి ఇచ్చి పెళ్ళి చేశారు. దాంతో ఇద్దరూ వియ్యంకులయ్యారు.

వియ్యంకులంటే మీరెరగనిదా. అంతకుముందు "ఒరే నాగలింగం, ఆ అంచు వంకరపోయిందిరా" అని నోరారా తిట్టుకున్నవాళ్ళే. మూడుముళ్ళు పడ్డ మర్నాటినుంచి ఒకరు తుమ్మితే, రెండోవారు "ఆహా, ఎంత లక్షణంగా తుమ్మారు బావగారూ" అనడం మొదలైంది. ఒకరు తానా అంటే ఇంకొకరు తందానా.

ఆ పెళ్ళి భోజనాల్లో ఒక చిన్న సంగతి జరిగింది. హడావుడిలో పప్పులో ఉప్పు వెయ్యడం మరిచిపోయారు. మగపెళ్ళివారు పైకి ఒక్క మాట అనలేదు. నాగలింగాచారి మారు వడ్డించుకుని మరీ "అమోఘం" అన్నాడు. పంక్తిలో ఒక్క మనిషి మాత్రం చెయ్యి ఆపి, ఊరంతా వినేట్టు "ఒరే భద్రం, పప్పులో ఉప్పు లేదురా" అంది.

ఆవిడ భద్రాచారి అక్క శరభమ్మ. పడుచుతనంలోనే భర్త పోతే, ఆయన కొలిమి చల్లారనివ్వకుండా తానే సుత్తి అందుకున్న మనిషి. ఆ కొలిమిలో ఎంత వేడి ఉండేదో ఆవిడ నోట్లోనూ అంతే ఉండేది. నిజమాడితే నిష్ఠూరం అంటారు. శరభమ్మకు రెండూ కలిపి ఆడడమే అలవాటు.

మగపెళ్ళివారి ఎదుట పరువు తీసిందని భద్రాచారి ఆనాటినుంచి అక్కను గడప తొక్కనివ్వలేదు. పైగా, అంత మెచ్చుకున్నారంటే వియ్యాలవారికి చప్పిడి పప్పే ఇష్టం కాబోలు అనుకుని, నాగలింగాచారి వచ్చినప్పుడల్లా ఉప్పు లేకుండా వండించాడు. ఆడపెళ్ళివారిది చప్పిడి తిండి కాబోలు అనుకుని, నాగలింగాచారి కూడా తన ఇంట్లో వియ్యంకుడికి అలాగే వండించాడు. ఇద్దరూ ఒకరింట్లో ఒకరు కళ్ళు మూసుకుని మింగి, "అమోఘం" అని లేచేవారు. ఈ ఉప్పు సంగతి కొంచెం గుర్తుపెట్టుకోండి.

ఇలా ఉండగా పొరుగు రాజ్యంనుంచి ఒక రాయబారి వచ్చాడు. ఆ రాజ్యాన్నేలేది ఉద్దండుడు. మహాకోపిష్టి. ఆయనకు పెద్ద ముక్కు ఉండేది. పెద్దదంటే మామూలు పెద్దది కాదు. ముందు ముక్కు వాకిట్లోకి వస్తే, కాసేపటికి దాని వెనకాల మనిషి వచ్చేవాడు. అందుకని ఆయన రాజ్యంలో ముక్కు అనే మాటే ఎవరూ పలికేవారు కాదు. ముక్కుపుడకను మొహంపుడక అనేవారు. జలుబు చేస్తే ఎక్కడ చేసిందో చెప్పేవారు కాదు.

రాయబారి తెచ్చిన కబురు ఇది. "నా పుట్టినరోజుకు నా మొహం ఉన్నది ఉన్నట్టు చూపే కంచు అద్దం పంపండి. ఇంతవరకు వచ్చిన అద్దాలన్నీ పగలగొట్టాను. వాటిని చేసినవాళ్ళు నా గజశాలలో పేడ ఎత్తుతున్నారు."

 సుముఖవర్మ వెంటనే వియ్యంకులిద్దరినీ పిలిపించాడు.

"ఆచారులూ, అద్దం మీరే చెయ్యాలి. బాగా వస్తే రాజ్యానికి మంచిపేరు. తప్పు వస్తే, ఆ తప్పేమిటో ఉద్దండుడికి వివరించడానికి మీరే వెళ్ళాలి. నేను వెళ్ళను" అన్నాడు.

వియ్యంకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ ఏనుగులంటే భయం. పేడంటే అసహ్యం. అయినా నాగలింగాచారి, "బావగారి చెయ్యి పడితే తప్పెలా వస్తుంది ప్రభూ" అన్నాడు. "బావగారు పక్కన ఉంటే నా చెయ్యి తప్పెలా చేస్తుంది ప్రభూ" అన్నాడు భద్రాచారి.

అద్దం పని గిన్నె పని లాంటిది కాదు. రాగిలో తగరం ఎక్కువ కలిపి, గుండ్రని పలక పోత పోయాలి. పోతలో దిగిన పలక ముతకగా, మిట్టపల్లాలుగా ఉంటుంది. దాన్ని చదును చెయ్యాలంటే ఇంకో పలక కావాలి. రెండు పలకల మధ్య కురువిందం అనే గట్టి రాతిపొడి, కాసిని నీళ్ళు వేసి, ఒకదాని మీద ఒకటి పెట్టి రుద్దుతూ పోవాలి. మొదట ముతక పొడి, తర్వాత సన్నది, ఆ తర్వాత నీళ్ళలో కలిపితే అడుక్కి దిగకుండా పైన తేలే మరీ సన్నది. అప్పటికి గాని కంచు మొహం చూపదు.

వియ్యంకులు చెరో పలకా పోశారు. నాగలింగాచారి సాలలో, అంటే ఆయన పనిచేసే పాకలో, ఎదురెదురుగా కూర్చున్నారు. ఏ పలక పైన ఉండాలి, ఏది కింద ఉండాలి అనే ప్రశ్న వచ్చింది.

"మీ పలక పైన పెట్టండి బావగారూ" అన్నాడు భద్రాచారి.

"అబ్బే, మీదే పైన ఉండనివ్వండి."

"ఎంత మాట. మీరు మగపెళ్ళివారు. మీ పలక కింద పెట్టి నాది పైన పెడితే నా కళ్ళు పోతాయి."

అలా నాగలింగాచారి పలక పైకి ఎక్కింది. ఎక్కింది ఎక్కింది, ఇక దిగలేదు. పొద్దున్న మొదలుపెట్టినా అదే పైన, భోంచేసి వచ్చి కూర్చున్నా అదే పైన. రుద్దారు, రుద్దారు, చేతులు బొబ్బలెక్కేదాకా రుద్దారు. రుద్దుతున్నంతసేపూ మీ పట్టే పట్టు బావగారూ అంటే, మీ పొడే పొడి బావగారూ అనుకున్నారు.

చివరికి రెండూ తళతళలాడాయి. ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే మధ్యలోకి తలవెంట్రుక దూరలేదు. చదునైందో లేదో పలక మీద ఒక దారం లాగి పట్టి చూద్దామని ఇద్దరికీ లోలోపల అనిపించింది. కానీ వియ్యంకుడి పనికి దారం పట్టడం అంటే అనుమానించడమే కదా. ఎవరూ పట్టలేదు.

రెండు అద్దాలూ సభకు వెళ్ళాయి. నాగలింగాచారి రెండింటినీ ఒకదానితో ఒకటి కలిపి నొక్కి, "విడదీయించండి ప్రభూ" అన్నాడు. ఆస్థాన మల్లుడు వచ్చాడు. లాగాడు, మూలిగాడు, మోకాలు అడ్డం పెట్టి లాగాడు. పలకలు ఊడలేదు, మల్లుడి మొలతాడు తెగింది. పక్కకు జరిపితే గాని అవి విడివడవని భద్రాచారి జరిపి చూపించాడు. సభంతా చప్పట్లు కొట్టింది.

రాజు సంబరపడి నాగలింగాచారి అద్దం అందుకుని మొహం చూసుకున్నాడు. బుగ్గలు బూరెల్లా ఉబ్బి కనిపించాయి. "నాకు దవడ వాచిందా" అని తడుముకున్నాడు. వాపు లేదు. భద్రాచారి అద్దం అందుకున్నాడు. అందులో ఒక బుల్లి రాజు, బుల్లి కిరీటం పెట్టుకుని, దూరంనుంచి చూస్తున్నాడు.

"ఇందులో నేనెవర్ని?" అని అడిగాడు రాజు.

"బావగారి అద్దంలో ఉన్నదే తమరు ప్రభూ" అన్నాడు నాగలింగాచారి.

"కాదు ప్రభూ, బావగారి అద్దంలో ఉన్నదే" అన్నాడు భద్రాచారి.

"మీ మర్యాదలు తర్వాత. ఒకదాంట్లో ఉబ్బాను, ఒకదాంట్లో ఎండాను. ఉద్దండుడి ముక్కు దీంట్లో చూపిస్తే ఏమవుతుంది?"

 అంత అతికినట్టు కుదిరిన పలకల్లో తప్పుంటుందంటే వాళ్ళకు నమ్మబుద్ధి కాలేదు. మూతా గిన్నే చేసి బతికినవాళ్ళు. జోడీ కుదిరితే పని కుదిరినట్టే అనుకునే చేతులవి. "మెరుగు చాలలేదు ప్రభూ, ఇంకా రుద్దుతాం" అని ఎత్తుకుపోయారు.

మళ్ళీ రుద్దారు. మళ్ళీ నాగలింగాచారి పలకే పైన. ఈసారి వచ్చిన మెరుపుకు వీధిలో పోయే ఎద్దులు బెదిరాయి. ఆ ఇద్దరి మురిపెం చూస్తే నాకే ముచ్చటేసింది. కానీ ఇల్లు అలకగానే పండగ కాదు.

సభలో నాగలింగాచారి తన అద్దాన్ని సింహాసనానికి ఎదురుగా, ద్వారం దగ్గర నిలబెట్టాడు. రాజు సింహాసనం మీదనుంచే చూశాడు. చూసి కెవ్వుమన్నాడు. అద్దంలో కాళ్ళు పైన, కిరీటం కింద. తను తలకిందులుగా వేలాడుతున్నాడు. కిరీటం జారిపోతుందేమోనని రెండు చేతులా తల పట్టుకున్నాడు. అద్దంలో రాజూ పట్టుకున్నాడు. మంత్రి సాయానికి వచ్చాడు. అద్దంలో అతనూ కప్పునుంచి వేలాడుతూ వచ్చాడు.

"ఉద్దండుడు ఇందులో తలకిందులుగా కనిపిస్తే, మనందరం నిజంగానే తలకిందులుగా వేలాడతాం" అన్నాడు రాజు, చెమట తుడుచుకుంటూ. "పున్నమికి రాయబారి మళ్ళీ వస్తాడు. ఆలోగా నా మొహం నాకు చూపించే అద్దం తెచ్చారా సరే. లేదా, ఇదే భుజానవేసుకుని గజశాలకు బయల్దేరండి."

వియ్యంకులు సాలలో కూలబడ్డారు. ఇంకా రుద్దితే ఇంకా చెడుతుందని తెలిసింది. ఎందుకు చెడుతోందో తెలియలేదు. తప్పు మీదేమోనండీ అని ఒకరూ అనలేరు, నాదేనండీ అని ఇంకొకరూ అనలేరు. అలా చాలాసేపు మర్యాదగా కూర్చున్నారు.

మజ్జిగ తెచ్చిన మాణిక్యం ఇద్దర్నీ చూసింది. దానికి ఏడుపొచ్చింది. అటు కన్నతండ్రి, ఇటు మామగారు, ఇద్దరూ ఒక్క ఊపులో పోతున్నారు. "నాన్నా, మామయ్యగారూ, నాదొక మాట. శరభమ్మత్తను పిలవండి" అంది.

భద్రాచారి ఉలిక్కిపడ్డాడు. "అక్కనా? మీ మామగారి ఎదుట మళ్ళీ ఏం కూస్తుందో తెలుసా?"

"ఏం కూసినా ఏనుగు పేడకన్నా నయం నాన్నా" అంది మాణిక్యం.

నాగలింగాచారి గొంతు సవరించుకుని, "అమ్మాయి చెప్పింది బాగానే ఉంది బావగారూ" అన్నాడు.

శరభమ్మ వచ్చింది. చంకలో గోనెపట్టా చుట్టిన తన కంచు పలక ఉంది. గుమ్మంలోనే నిలబడి, "పిలిచారు కనక వచ్చాను. తిట్టకుండా పనిచెయ్యడం నాకు చేతకాదు. నాగలింగంగారూ, మీకు సమ్మతమేనా?" అని అడిగింది.

"తిట్టండి వదినగారూ" అన్నాడు నాగలింగాచారి నీరసంగా.

శరభమ్మ తన తలలోంచి ఒక నెరిసిన వెంట్రుక లాగి, నాగలింగాచారి పలక మీద ఈ అంచునుంచి ఆ అంచుకు బిగబట్టింది. నడుమ వెంట్రుక కిందనుంచి వెలుగు కనిపించింది. "ఇది పళ్ళెం" అంది. భద్రాచారి పలకను బోర్లించి వేలితో తాకింది. అది ఉయ్యాలలా ఊగింది. "ఇది బోర్లించిన మూకుడు. ఒరే, మీరు అద్దం చెయ్యలేదురా, మళ్ళీ గిన్నే మూతే చేశారు."

"మరి అంత అతికినట్టు కుదిరాయేం అక్కా?"

శరభమ్మ ఒక చెయ్యి దోసిలిలా వంచి, రెండో చెయ్యి పిడికిలి బిగించి అందులో పెట్టింది. "ఇదీ కుదిరింది. కుదిరింది కదాని నా పిడికిలి చదునైందా? పైన ఉన్న పలక అటూఇటూ పోయినప్పుడు దాని బరువు కిందిదాని అంచుల మీద పడుతుంది. కిందిదానికి అంచులరుగుతాయి, పైదానికి నడుమ అరుగుతుంది. పైదాన్ని కిందికీ, కిందిదాన్ని పైకీ మారుస్తుండాలి. మార్చారా?"

ఇద్దరూ అడ్డంగా తలూపారు.

"ఎలా మారుస్తారు. మగపెళ్ళివారి పలక కదా" అంది శరభమ్మ.

"మార్చి రుద్దితే చాలా వదినగారూ?"

"చాలదు. మార్చినా మీరిద్దరే. వీడి పొట్టకు తగ్గట్టు మీరు గుంటపడతారు, మీ గుంటకు తగ్గట్టు వీడు పొట్ట పెంచుతాడు. ఎంత తప్పయినా ఇద్దరికీ కుదిరిపోతుంది. మూడోది కావాలి. మొదటిది రెండోదాంతో, రెండోది మూడోదాంతో, మూడోది మొదటిదాంతో. మూడింటిలో ఏ రెండు కలిపినా అతకాలంటే అవి చదునుగా ఉండడం తప్ప వేరే దారి లేదు. ఈ ఒక్క దోసిట్లో పిడికిలి పడుతుంది. రెండు దోసిళ్ళు బోర్లించి కలపండి, మధ్యలో ఎలక తిరుగుతుంది."

ఇలా చెప్పి తన పలక ముందు పెట్టింది. "ఇది నా పలక. చదునంటే దీన్ని చూసి నేర్చుకోండి."

మాణిక్యం చేత కాటుకభరిణె తెప్పించి, కాటుకను ఆముదంతో కలిపి ఒక పలకకు పల్చగా పూయించింది. ఇంకో పలకను దాని మీద మెల్లిగా ఆనించి తీస్తే, ఎక్కడ మిట్ట ఉంటే అక్కడ కాటుక అంటుతుంది. నాగలింగాచారి గుంటపలకకు పూసి, శరభమ్మ పలకను ఆనించి తీశారు. అందరూ వంగి చూశారు.

శరభమ్మ పలకకు సరిగ్గా నడుమ, రూపాయి బిళ్ళంత నల్లబొట్టు ఉంది. మిగతా చోట ఒక్క చుక్క అంటలేదు. నిజంగా చదునైతే గుంటపలక అంచులే అంటాలి.

 భద్రాచారి దగ్గు వచ్చినట్టు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. ఊళ్ళో అందరి వంకలూ ఎంచిన శరభమ్మ, తన పలకకేసి చాలాసేపు చూసింది. ఆవిడ మొహం చిన్నబోయింది. పాపం, నిజంగానే బాధ కలిగింది ఆవిడకు.

"నాకూ పొట్టే ఉంది" అంది చివరికి. "నాతో పలక కలిపేవాళ్ళెవరున్నారు. ఇన్నేళ్ళూ నా పెరట్లో పెద్ద బండరాయి నడుమ, ఒకేచోట, ఒక్కదాన్నే రుద్దుకున్నాను. ఆ బండ నా చేతికింద గుంటపడింది. గుంటలో రుద్దితే పొట్ట రాక ఏమొస్తుంది. మీకు ఇద్దరే అయ్యారు, నాకు ఆ రెండోదీ లేదు. కూర్చోండి, మొదలుపెడదాం."

మొదలుపెట్టారు. మొదటి గండం అక్కడే వచ్చింది. నాగలింగాచారి పలకను కింద పెట్టి, భద్రాచారి పలకను పైన పెట్టాలి. భద్రాచారి పలక ఎత్తాడు గాని దించలేకపోయాడు.  వీధిలోవాళ్ళు కిటికీల దగ్గర మూగి, "మగపెళ్ళివారి పలక కిందనా, హవ్వ" అని బుగ్గలు నొక్కుకున్నారు.

నాగలింగాచారి కళ్ళు మూసుకున్నాడు. "పెట్టండి బావగారూ. ఏనుగులకు వియ్యాలమర్యాదలు తెలియవు" అన్నాడు.

భద్రాచారి పెట్టాడు. కళ్ళు పోలేదు. పిడుగు పడలేదు. కంచు మీద కంచు జరిగిన చప్పుడు మాత్రం వినబడింది.

ఆ తర్వాత ఆ సాలలో జరిగిన రుద్దుడు ఇంతా అంతా కాదు. ఒకటో పలక రెండోదాంతో, రెండోది మూడోదాంతో, మూడోది ఒకటోదాంతో. పైది కిందికి, కిందిది పైకి. ప్రతి మారుకూ కాటుక. కాటుక అంటిన చోటే మళ్ళీ అరగదీత. మొదట నడుమ బొట్టులా అంటింది. తర్వాత ఆవగింజలు చల్లినట్టు అక్కడక్కడా అంటింది. పొడి సన్నబడేకొద్దీ ఆ చుక్కలు దగ్గరపడ్డాయి.

పున్నమి ఇంకా రెండు పూటలుందనగా అన్నిటికన్నా సన్నపొడి దశకు వచ్చారు. అప్పుడు భద్రాచారి అలవాటుగా భుజంమీది తువ్వాలుతో చెయ్యి తుడుచుకుని మళ్ళీ పలక పట్టుకున్నాడు. ఆ తువ్వాల్లో మొదటినాటి ముతక పొడి రేణువొకటి దాక్కుని ఉంది. కర్ర్ మని చిన్న చప్పుడైంది. అద్దం మీద ఈ చివరనుంచి ఆ చివరికి వెంట్రుకలాంటి గీత పడింది.

శరభమ్మ అప్పుడు పెరట్లో చేతులు కడుక్కుంటోంది. గీతను చూసినవాడు నాగలింగాచారి ఒక్కడే. భద్రాచారి చూపు ఇంకా పడలేదు. ఈ గీత పోవాలంటే మూడు పలకలూ మళ్ళీ వెనక్కి, ముతక పొడినుంచి రుద్దుకు రావాలి. రెండు పూటలే ఉన్నాయి. ఊరుకుంటే వియ్యంకుడి పరువు దక్కుతుంది. నాగలింగాచారి నోరు తెరిచాడు, మూశాడు. పెళ్ళైన నాటినుంచి ఆ నోటికి ఒక్కటే మాట అలవాటు. అమోఘం.

మళ్ళీ నోరు తెరిచి, "బావగారూ, గీత పడింది" అన్నాడు.

 భద్రాచారి అద్దాన్ని వెలుతురుకు తిప్పి చూశాడు. తువ్వాలు చూసుకున్నాడు. "పడింది బావగారూ. నా తువ్వాలే" అన్నాడు. ఆ మాటతో ఇద్దరికీ ఏళ్ళనాటి మూట దించినట్టు హాయిగా అనిపించింది. చేతులు కడుక్కుని వచ్చిన శరభమ్మ విషయం తెలుసుకుని ఇద్దర్నీ కడిగేసింది. తువ్వాలు పొయ్యిలో పడేసి, ముగ్గురూ మొదటినుంచి మొదలుపెట్టారు. ఈసారి మర్యాదలు లేవు కనక పని సగం పొద్దులో తెమిలింది.

పున్నమినాటికి మూడు పలకల్లో ఏ రెండు కలిపినా ఒకదాన్నొకటి వదలలేదు. వెంట్రుక కింద వెలుగు లేదు. కాటుక అంతటా ఒక్కలా అంటింది.

సుముఖవర్మ ఈసారి భయపడుతూ, ఒక కన్నే తెరిచి చూసుకున్నాడు. బుగ్గలు బుగ్గల్లా ఉన్నాయి. గడ్డం కింద పులిపిరి పులిపిరిలా ఉంది. సింహాసనందాకా వెనక్కి నడిచి చూశాడు. కిరీటం పైనే ఉంది. పళ్ళెంలో నీళ్ళు తెప్పించి అందులో చూసుకున్నాడు. నీళ్ళలోనూ అదే మొహం. నీళ్ళకు వియ్యంకులు లేరు కనక అవి ఎప్పుడూ చదునుగానే ఉంటాయి.

"ఇది నేనే" అన్నాడు రాజు. సంతోషించాడు. మరుక్షణం మొహం పాలిపోయింది. "అయ్యో, మరి ఇందులో ఆయన ముక్కు కూడా ఉన్నంత ఉంటుందే. ఆ బుల్లి మొహం చూపే పాత అద్దం ఏమైంది? అదే ఉంటే బాగుండేది. మళ్ళీ చెయ్యగలరా?"

వియ్యంకులిద్దరూ చేతులు కట్టుకున్నారు. "చెయ్యగలం ప్రభూ. ఆ ఒక్కటీ మాకు బాగా వచ్చు. కానీ ఆయన ఉన్నది ఉన్నట్టు అడిగారు" అన్నాడు భద్రాచారి.

"అలాగైతే మీరే పట్టుకెళ్ళండి" అన్నాడు రాజు. శరభమ్మతో కలిసి ముగ్గురూ అద్దం పట్టుకుని రాయబారి వెంట బయల్దేరారు. మాణిక్యం వీధి మలుపుదాకా వచ్చి, కళ్ళు తుడుచుకుంటూ నిలబడింది.

ఉద్దండుడి సభకు చేరారు. కిటికీలోంచి గజశాల వాసన వస్తోంది. నాగలింగాచారి, భద్రాచారి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. శరభమ్మ అద్దం ఎత్తి పట్టుకుంది. "చూసుకోండి మహారాజా. ఉన్నదే ఉంది" అంది.

ఉద్దండుడు చూశాడు. చూస్తూనే చేత్తో ముక్కు తడుముకున్నాడు. మొదలునుంచి చివరిదాకా తడుముకుంటూ అద్దంలోకి చూశాడు. సభలో సగంమంది కళ్ళు మూసుకున్నారు.

"ఇన్నాళ్ళకు నా చేతికీ నా కంటికీ మాట కలిసింది" అన్నాడు ఉద్దండుడు. "చేతికి ఇంత తగిలేది. అద్దంలో మాత్రం చిటికెడే కనిపించేది. నన్ను వెర్రివాణ్ణి చేస్తున్నారని వాటిని పగలగొట్టాను. నా ముక్కు పెద్దదని నాకు తెలియదా?"

ఆయన నోట ముక్కు అన్న మాట విని ఇద్దరు భటులు ఈటెలు వదిలేశారు.

ఉద్దండుడు అద్దం దగ్గరగా తీసుకున్నాడు. కోపిష్టి రాజు గొంతు మెత్తబడింది. "ఇది మా నాన్నగారి ముక్కు. చిన్నప్పుడు భుజాల మీద ఎక్కి దీన్ని పట్టుకుని ఊగేవాణ్ణి. ఆయన పోయాక మళ్ళీ ఇప్పుడే చూశాను" అని కళ్ళొత్తుకున్నాడు.

గజశాలలో పేడ ఎత్తుతున్నవాళ్ళను ఆ పూటే వదిలిపెట్టారు. మన ముగ్గురికీ రాజభోజనం పెట్టారు.

విస్తళ్ళు వేశారు. పప్పు వడ్డించారు. భద్రాచారి ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. ఆగిపోయాడు. అందులో ఉప్పు ఉంది. సరిపడా ఉంది. ఓరకంట చూస్తే నాగలింగాచారి అప్పటికే విస్తరి ఖాళీ చేసి, మారు అడిగి, అదీ ఖాళీ చేసి, మళ్ళీ వడ్డించేవాణ్ణి చెయ్యి ఊపి పిలుస్తున్నాడు.

"బావగారూ, మీకు ఉప్పు పడదు కదా" అన్నాడు భద్రాచారి.

"నాకా? మీకు కదా పడనిది" అన్నాడు నాగలింగాచారి.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పెళ్ళినాటినుంచి మింగిన చప్పిడి పప్పంతా ఇద్దరికీ ఒక్కసారిగా గొంతులోకి వచ్చింది. నాగలింగాచారి మొదట నవ్వాడు. భద్రాచారికి పొలమారింది. నవ్వుతూ, దగ్గుతూ, ఒకరి వీపు ఒకరు చరుచుకుంటూ ఇద్దరూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

శరభమ్మ మాత్రం ముద్ద కలుపుకుంటూ, "పెళ్ళిలోనే చెప్పాను" అంది.

ఆనాటినుంచి మెరుగుపురంలో వియ్యాలవారి పంక్తిలో మొదటి విస్తరి శరభమ్మకే వేస్తున్నారట. ఆవిడ పప్పు రుచి చూసి తల ఊపితే గాని మిగతావాళ్ళు ముద్ద కలపరట. ఆవిడకు పంక్తి దొరికింది, వాళ్ళకు ఉప్పు దొరికింది. కథ ఇక్కడ చెయ్యి కడుక్కుని లేచింది, మీరూ లేవండి. లేచే ముందు ఈ నీతి ఒక్కటీ కొంగున ముడేసుకోండి.

ఔనని తలూపే ఇద్దరు కలిస్తే జోడీ కుదురుతుంది గాని, కాదని చెప్పే మూడోమనిషి కూడా కూర్చుంటేనే నిజం తేలుతుంది.